పాఠకుల ప్రశ్నలు: చిన్న తెరచాప పడవ నిర్మాణం

ప్రశ్న: నా దగ్గర 4.8 మీటర్ల తెరచాప పడవ చిత్రాలు ఉన్నాయి. అంత పెద్దది కట్టుకోవడానికి చోటు లేదు. కొలతలన్నిటినీ సరిగ్గా సగానికి తగ్గించి, నేనొక్కడినే ఎక్కడానికి 2.4 మీటర్ల పడవగా కట్టుకోవచ్చునా? వడ్రంగం పని కొంత వచ్చు.

సమాధానం: దయచేసి అలా చేయకండి. పొడవు, వెడల్పు, లోతు మూడూ సగమైనప్పుడు పడవ తొలగించే నీటి పరిమాణం సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. పెద్ద పడవను మనుషులతోను సామానుతోను కలిపి 400 కిలోలకు గీశారనుకుంటే, సగానికి తగ్గించిన పడవ అదే గీత వరకు మునిగి మోయగలిగేది 50 కిలోలే, అందులో పడవ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. నిలకడ సంగతి ఇంకా కష్టం. గాలి పడవను పక్కకు ఒరగదోసే ప్రభావం ఎనిమిదో వంతుకు తగ్గితే, ఒరిగిన పడవ తనంతట తాను లేచి నిలబడే సామర్థ్యం పదహారో వంతుకు పడిపోతుంది. మీ శరీరం బరువు మాత్రం తగ్గదు. అందుచేత చిన్న పడవను పెద్దదానికి నకలుగా కాక, మీ బరువును మొదటి కొలతగా పెట్టుకుని కొత్తగా గీయాలి.

ముందుగా కాగితం మీద బరువుల పట్టిక వేయండి. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చదరపు మీటరుకు సుమారు 3 నుంచి 4 కిలోలు తూగుతుంది. ఈ పరిమాణం గల పడవకు గాలి గదుల (బోల్తా పడినా పడవను తేల్చి ఉంచే మూసిన గదుల) గోడలతో సహా దాదాపు 8 చదరపు మీటర్ల పలక పడుతుంది గనుక పలకకు 28 కిలోలు, అంచు కర్రలకు, జిగురుకు 8, తెరచాప, స్తంభం, చుక్కాని వగైరాలకు 10 అనుకుందాం. మీరు 70 కిలోలు, చిల్లర సామాను 4 కిలోలు అయితే మొత్తం 120 కిలోలు, అంటే పడవ 120 లీటర్ల మంచినీటిని తొలగించాలి. నీటి మట్టం దగ్గర పడవ పరచుకునే వైశాల్యం 1.6 చదరపు మీటర్లు అయితే, ఒక్కొక్క సెంటీమీటరు మునక 16 కిలోలను మోస్తుంది, కాబట్టి సగటున ఏడున్నర సెంటీమీటర్లు మునుగుతుంది. అడుగుభాగం వంపుగా ఉంటుంది గనుక నడిమి భాగం అంతకంటె లోతుగా దిగుతుంది. ఈ లెక్క కుదిరే వరకు రంపం పట్టుకోకండి.

వెడల్పు విషయంలో పిసినారితనం వద్దు. మిగతా కొలతలు మారకుండా వెడల్పును 1 మీటరు నుంచి 1.2 మీటర్లకు పెంచితే, ఆకారం వల్ల వచ్చే నిలకడ 1.2 రెట్లు కాక దాని ఘనానికి దగ్గరగా, అంటే ఇంచుమించు 1.7 రెట్లు పెరుగుతుంది. ముందుభాగాన్ని, అంటే అణియాన్ని, పెద్ద పడవల్లాగా సూదిగా దిద్దాలన్న కోరికను కూడా వదులుకోవాలి. సూదిమొన మోయగలిగే చోటునంతా తినేస్తుంది. 1947లో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం గీసిన ఆప్టిమిస్ట్ పడవ 2.36 మీటర్ల పొడవే. దాని ముక్కు నలుచదరంగా కోసినట్టు ఉండటం మొరటుతనం వల్ల కాదు, ఆ కొద్ది పొడవులోనే కావలసిన తేలే గుణం రాబట్టడానికే. నాకైతే ఆ మొద్దు ముక్కే అందంగా కనిపిస్తుంది. వెనుకభాగం, అంటే అమరం, మాత్రం మీరు నడిమధ్యన కూర్చున్నప్పుడు నీటిని తాకీ తాకనట్టుండాలి. అది మునిగితే నీటిని ఈడ్చుకుంటూ పోయి వేగాన్ని చంపుతుంది.

నిర్మాణానికి పలకలను రాగి తీగతో కుట్టి, కీళ్లలో ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) ముద్ద నింపి, పైన ఫైబర్‌గ్లాస్ పట్టీ అంటించే పద్ధతిని ఎంచుకోండి. 1960ల తొలినాళ్లలో బారీ బక్నెల్, జాక్ హోల్ట్ రూపొందించిన మిర్రర్ పడవతో ఈ పద్ధతి ఇళ్లలోకి వచ్చింది. అచ్చులు, బరువైన వాసాలు అక్కరలేదు.

అసలు పలక కోసే ముందు పదో వంతు కొలతలతో మందపాటి అట్టతో బొమ్మ పడవ చేసి, మైనం పూయండి. మొదట చెప్పిన ఎనిమిదో వంతు లెక్క ఇక్కడ మీకు అక్కరకు వస్తుంది: కొలతలన్నీ పదో వంతైతే తొలగించే నీరు వెయ్యో వంతు అవుతుంది. బొమ్మ మొత్తం బరువు సరిగ్గా 120 గ్రాములు ఉండేట్టు నాణేలు సర్ది తొట్టిలో వదిలితే, 120 కిలోల అసలు పడవ ఎక్కడిదాకా మునుగుతుందో అదే చూపిస్తుంది. నాణేలను వెనక్కి జరిపితే అమరం ఎలా కుంగుతుందో కూడా కళ్లారా చూడవచ్చు.

ప్రశ్న: నేను కట్టిన చిన్న పడవ ఎప్పుడూ గాలికి ఎదురుగా తిరగాలని చూస్తుంది. చుక్కాని పిడిని గట్టిగా లాగి పట్టుకుని చేతులు నొప్పి పుడుతున్నాయి. చుక్కాని పెద్దది చేయాలా?

సమాధానం: చుక్కానిని పెంచడం జబ్బును వదిలి నొప్పికి మందు వేయడం. తెరచాప మీద గాలి తోపు కేంద్రం, నీటిలోకి దించిన నిలువు పలక పక్కజారుడును అడ్డుకునే కేంద్రానికి బాగా వెనుక పడినట్టుంది. తెరచాప ఆకారాన్ని, నీటిలో మునిగిన పక్కభాగం ఆకారాన్ని ఒకే కొలతతో అట్టలో కత్తిరించి, ఒక్కొక్కదాన్ని సూదిమొన మీద నిలిపితే రెండు కేంద్రాలూ దొరుకుతాయి. కాగితం మీద తెరచాప కేంద్రం కొద్దిగా ముందుండాలి, ఎందుకంటే పడవ ఒరిగినప్పుడు తోపు పక్కకు బయటికి జరిగి, పడవను గాలివైపు తిప్పుతుంది. స్తంభం పైకొనను కాస్త ముందుకు వంచి చూడండి, చాలకపోతే దాని పాదాన్ని కొన్ని సెంటీమీటర్లు ముందుకు జరపండి. పడవను వీలైనంత నిటారుగా నడపడం కూడా మందే.

గాలికి ఎదురు తిరిగే ఆ గుణాన్ని పూర్తిగా పోగొట్టకండి. పిడి చేయి జారినప్పుడు తానుగా గాలికి ఎదురు తిరిగి, తెరచాప కొట్టుకుంటూ ఆగిపోయే పడవే మిమ్మల్ని కాపాడుతుంది.

ప్రశ్న: కొయ్య ఎలాగూ తేలుతుంది కదా, గాలి గదులు అవసరమా?

సమాధానం: తప్పనిసరి. కొయ్య తేలుతుంది గాని, నీరు నిండిన పడవ మిమ్మల్ని మోయలేదు. అణియం, అమరం రెండు చోట్లా మూసిన గదులు కట్టి, కలిపి 100 లీటర్లకు తగ్గకుండా చూడండి. లోపలి తేమ ఆరడానికి బిగుతైన మూతలు పెట్టండి. గాలి లేని రోజున, ఒడ్డు దగ్గర, లైఫ్ జాకెట్ వేసుకుని, పక్కన మరొకరు ఉండగా పడవను కావాలని బోల్తా కొట్టించి, లేపి, ఎక్కి, నీరు తోడి చూడండి. అది ఒక్కరి వల్ల కానంత కాలం గదులు చాలలేదన్నమాట.