ఆ తెల్లకోటు మనిషి డాక్టరేనా?

ప్రశ్న: ప్రకటనను విశ్లేషించమంటే పిల్లలు ‘సినీతారను వాడారు, భయపెట్టారు, నవ్వించారు’ అని రాసి ఊరుకుంటున్నారు. ఇంకా లోతుగా చూడటం ఎలా నేర్పాలి? – ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: ఎత్తుగడలకు పేర్లు పెట్టి ఆగిపోతే వచ్చేది జాబితాయే. ఒకే ప్రకటనను మూడుసార్లు చూపించండి: మొదట మామూలుగా, రెండోసారి సౌండ్ తీసేసి, మూడోసారి తెర వైపు చూడకుండా వింటూ. ఉదాహరణకు, సౌండ్ లేనప్పుడు ఒక మనిషి ఒంటిమీద తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు కనిపిస్తాయి. వింటున్నప్పుడు మాత్రం ఆయన డాక్టరని ఎవరూ అననేలేదని తెలుస్తుంది. ఆ మాట చూసేవాళ్లే కలుపుకున్నారు. బొమ్మకీ మాటకీ మధ్య ఉన్న ఈ ఖాళీని పట్టుకోగలిగితే సగం పని అయినట్టే.

తర్వాత మాటలన్నీ కాగితం మీద దింపించి, ఒక్కోదాని పక్కన ‘ఇది అబద్ధమని తేల్చే వీలుందా?’ అని రాయమనండి. ‘మీ జీవితంలో కొత్త వెలుగు’ను ఎవరూ తేల్చలేరు, అందుకే అంత ధైర్యంగా అంటారు. ‘తగ్గించడంలో సాయపడుతుంది’, ‘70 శాతం వరకు’ లాంటివి ఇంకా గడుసువి. ‘వరకు’ అంటే 5 శాతమైనా అందులోకే వస్తుంది. ‘రెండింతలు శుభ్రం’ కనిపిస్తే ‘దేనికంటే?’ అని అడగాలి. జవాబు అడుగున చుక్క గుర్తు (*) పక్కన చిన్నక్షరాల్లో ఉండవచ్చు. అక్కడ ‘వట్టి నీళ్లతో పోలిస్తే’ అని ఉంటే ఆ పోలికకు విలువేముంది?

సర్వేల సంగతి కాస్త ఆగి చూడాలి. ‘80 శాతానికి పైగా దంతవైద్యులు సిఫారసు చేస్తారు’ అన్న కోల్గేట్ పోస్టర్లను 2007లో బ్రిటన్‌లో ప్రకటనలను పర్యవేక్షించే సంస్థ తప్పుదోవ పట్టించేవిగా తేల్చింది. ఆ సర్వేలో వైద్యులు ఒకటికంటే ఎక్కువ బ్రాండ్ల పేర్లు చెప్పవచ్చు. చదివినవాళ్లకు మాత్రం మిగతావాటిని కాదని దీన్నే ఎంచుకున్నారన్న అర్థం వస్తుంది. అంకె ఒక్కటే చూస్తే చాలదు, అడిగిన ప్రశ్న ఏమిటో కూడా చూడాలి.

పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది: మనసును తాకే ప్రతిదాన్నీ మోసమనేస్తారు. సీటు బెల్టు పెట్టుకోమని చెప్పే ప్రకటనా భయపెడుతుంది, కానీ చెప్పేది నిజమే. భావోద్వేగం తీసేశాక ఏం మిగిలిందన్నదే పరీక్ష.

ప్రశ్న: ‘ముప్పు సగానికి తగ్గుతుంది’ అంటే నమ్మవచ్చా?

జవాబు: సగం నిజమే కావచ్చు, కానీ దేనిలో సగం? 1000 మందిలో 4గురికి వచ్చే జబ్బు ఇద్దరికే వస్తే 50 శాతం తగ్గినట్టే. 1000కి ఇద్దరు తగ్గారని రాస్తే ఎవరూ ఆగి చూడరు. గ్రాఫుల్లోనూ ఇదే పని జరుగుతుంది. నిలువు గీత 0 నుంచి కాక 90 నుంచి మొదలైతే 92 కంటే 96 మూడింతలు ఎత్తుగా కనిపిస్తుంది.

ప్రశ్న: ఇవన్నీ తెలిసినా కొనాలనే అనిపిస్తోంది. ఎందుకు?

జవాబు: పదేపదే విన్న మాట నిజమనిపించడం మనిషి స్వభావం. 1977లోనే పరిశోధకులు దీన్ని ప్రయోగంలో చూపించారు. తెలివి ఒక్కటే దీన్ని ఆపలేదు, కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధి దొరక్కుండా చేయడానికే ఆన్‌లైన్ దుకాణాల్లో ‘ఇంకా 10 నిమిషాలే’ అన్న గడియారం. అదే పేజీని వేరే బ్రౌజర్‌లో తెరవండి. లెక్క మళ్లీ 10 నుంచే మొదలైతే ఆ గడువు ఉత్తదే. కావాలనుకుంటే రేపు తాపీగా కొనుక్కోండి.