ఆవకాయ పెడతానన్న మేనకోడలికి

చి.ల.సౌ. అమ్మలుకు, నూజివీడు నుంచి మీ అత్త ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి, ఈ ఏడు నువ్వే సొంతంగా ఆవకాయ పెట్టబోతున్నావని చెప్పాడు. సరదాకి ఒక సీసాడు పెడుతున్నావేమో అనుకున్నాను. కాదట, ఏడాదికి సరిపడా పాతిక కాయలట! ఆ మాట విన్నాక నాకు నిద్ర పడితే ఒట్టు. మీ నాయనమ్మ చేతి నుంచి నా చేతికి వచ్చిన పని, నా తరవాత మన ఇంట్లో ఎవరికీ అక్కర్లేదేమో అని బెంగ పెట్టుకుని ఉన్నాను. నువ్వు అందుకున్నావు. కడుపు నిండిపోయింది తల్లీ. ఆ వెంటనే భయమూ పట్టుకుంది. ఫోనులో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు కనుక ఉత్తరమే రాస్తున్నాను. వంటింటి తలుపుకు అంటించుకో.

ముందు కాయ సంగతి. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కదా, మంచి కాయే కదా అని అది తెచ్చేవు! అది పండుగా తినడానికి పుట్టిన కాయ. ఆవకాయకు పుల్లగా, గట్టిగా, పీచుతో ఉండి లోపల టెంక ముదిరిన కాయ కావాలి. టెంక ముదరకపోతే ముక్కకు పెచ్చు నిలవదు, పెచ్చు లేని ముక్క నాలుగు నెలలకే పులుసులో ముక్కలా తయారవుతుంది. కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడికాయ దొరికితే కళ్లకద్దుకుని తెచ్చుకో. కూకట్‌పల్లి రైతుబజారులో ఈ రోజుల్లో కత్తులు పట్టుకుని కొట్టిపెట్టేవాళ్లు కూర్చుంటారు. కాయలు ఇంటికి తెచ్చి కడిగి, తుడిచి, ఆరబెట్టి అప్పుడు కొట్టించుకో. కడగకుండా అక్కడికక్కడే కొట్టించుకుని, ఇంటికొచ్చి ముక్కలు కడిగావంటే నేను బస్సెక్కి వస్తాను.

ఎప్పుడు పెట్టాలంటావా? రోహిణి కార్తెలో. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండే మనకు కావలసింది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వచ్చేస్తుంది, వెనకే చినుకులు. ఆ లోపల జాడీ మూతికి గుడ్డ కప్పి వాసెన కట్టేయాలి. శనివారం ఆఫీసు ఉంది, వచ్చే వారం చూద్దాం అని జరపకు.

కొలతలు రాసుకో. కొట్టిన ముక్కలు నాలుగు గిన్నెలైతే ఆవపిండి ఒక గిన్నె, కారం ఒక గిన్నె, ఉప్పు ఒక గిన్నెకు రవ్వంత వెలితి. మెంతులు గుప్పెడు, వెల్లుల్లి నీ ఇష్టం. పప్పునూనె, అంటే నువ్వుల నూనె, కాచకుండా పచ్చిదే పొయ్యి. మీ నాయనమ్మ సోలతో, తవ్వతో కొలిచేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని నాకు బడి కంటే ముందు వంటింట్లోనే వచ్చేసింది. ఆవాలు ఎండలో పెట్టి, చల్లారాక పొడి చెయ్యి. మిక్సీ వేడెక్కేదాకా తిప్పకు, ఆగి ఆగి తిప్పు.

ఉప్పు దగ్గర ఒక మాట. అల్లుడిగారికి రక్తపోటు అని ఉప్పు సగం చేస్తానన్నావట. చెయ్యకు. ఆవకాయలో ఉప్పు రుచికి మాత్రమే కాదు, ఏడాదంతా పచ్చడికి కాపలా కాసేది అదే. తగ్గిస్తే మొత్తం పాడవుతుంది. ఆయన తినే ముక్క తగ్గించు. రెండు ముక్కలు తినే చోట అర ముక్క వెయ్యి. పచ్చడిలో ఉప్పు తగ్గించి, ఆపైన ఆయన మూడు ముక్కలు తింటే లాభం ఏమిటి? ఆయన ఒంట్లో బాగుండాలనేగా నీ తాపత్రయం. నాదీ అదే.

మా చిన్నప్పుడు ఆవకాయ రోజంటే పండుగ కంటే ఎక్కువ. పండుగ నాడు స్నానం చేసి బుద్ధిగా ఉండమనేవాళ్లు, ఆవకాయ నాడు మాకు పని ఇచ్చేవాళ్లు. ముక్కకు లోపల అంటుకున్న కాగితంలాంటి పొర గోటితో తీయడం, టెంకలోని జీడి ఊడపీకడం, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడవడం పిల్లల వంతు. జీడి జారుడుగా ఉంటుంది కదా, రెండు వేళ్ల మధ్య నొక్కి "నీ పెళ్లి ఏ దిక్కు?" అని అడిగి వదిలేవాళ్లం. అది ఎటు ఎగిరితే అటు నుంచి సంబంధం వస్తుందని. నా జీడి ఎప్పుడూ పశువుల పాక వైపే ఎగిరేది. మీ నాన్న కడుపు పట్టుకుని నవ్వేవాడు. మీ మామయ్య ఊరు ఆ వైపే ఉందని పెళ్లయ్యాక తెలిసింది.

పెరట్లో రోట్లో మిరపకాయలు దంచుతుంటే ఇల్లంతా తుమ్ములే. మీ తాతయ్య వీధి అరుగు మీద కూర్చుని కూడా తుమ్మేవారు. దంచే ఆడవాళ్లు ముక్కుకు కొంగు కట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా పాటలు పాడుతూనే దంచేవాళ్లు. ఆ సంవత్సరమంతా బడికి ఆ ఆవకాయే. పెరుగన్నం మధ్యలో ముక్క పెట్టిన టిఫిను డబ్బా పుస్తకాల సంచిలోనే ఉండేది. నూనె ఊరి ఊరి నా లెక్కల పుస్తకంలో ఎక్కాల పేజీ ఎర్రబడి అవతలి పేజీ కనబడేది. పక్క పేజీలో తొమ్మిదో ఎక్కం దీని మీదుగా కనబడి, ఏడో ఎక్కంతో కలిపి అప్పజెప్పేసి దెబ్బలు తిన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. తడి. అమ్మలూ, ఈ ఉత్తరంలో మిగతావన్నీ మరచిపోయినా ఇది మరచిపోకు.

మీ నాన్నకు అప్పుడు ఎనిమిదేళ్లు ఉంటాయి. సామాన్ల గదిలో పీట మీద జాడీలు ఉండేవి. రోజూ వాడుకోవడానికి చిన్న జాడీ, ఏడాదికి దాచింది పెద్ద జాడీ. చిన్నదాంట్లో తీస్తే తగ్గినట్టు తెలిసిపోతుందని, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పెద్ద జాడీకే వాసెన విప్పేవాడు. ఒక ముక్క తీసుకుని గడ్డివాము వెనక్కి వెళ్లి టెంక తెల్లబడేదాకా చీకేవాడు. అంతవరకైతే ఏ అనర్థమూ జరిగేది కాదు. కానీ తినే వస్తువు ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలని మీ నాయనమ్మ వాడికి నూరిపోసింది. వాడు తల్లి మాట జవదాటని బిడ్డ. అందుకని రోజూ ముందు బావి దగ్గరకు వెళ్లి, మోచేతుల దాకా శుభ్రంగా కడుక్కుని, నీళ్లు కారుతున్న ఆ చెయ్యి తీసుకెళ్లి జాడీలో పెట్టేవాడు!

శ్రావణమాసంలో మా పెద్దమామయ్య వచ్చాడు. ఆయనకు మీ నాయనమ్మ ఆవకాయంటే ప్రాణం. చిన్న జాడీ అడుగంటిందని అమ్మ పెద్ద జాడీ విప్పింది. పైన అరచెయ్యి మందాన తెల్లటి బూజు. గరిటెతో పక్కకు తోసి చూసింది. కింద ముక్కలు పట్టుకుంటే విడిపోతున్నాయి, పుల్లటి కంపు. అమ్మ ఏమీ అనలేదు. వాసెన గుడ్డ తీసుకుని దాని తాడు ముడి చూసింది. అమ్మ ఎప్పుడూ ఒక కొస లాగితే ఊడిపోయే ముడి వేసేది. ఆ తాడుకు ఉన్నది నిక్కరు బొందు ముడి. ఇంట్లో నిక్కరు వేసుకునేవాడు ఒక్కడే. వాడు అప్పటికే గడ్డివాము ఎక్కి కూర్చున్నాడు.

కొట్టలేదు. కొడితే బాగుండేదని మీ నాన్న ఇప్పటికీ అంటాడు. మళ్లీ వేసవి వచ్చేదాకా మా ఇంట్లో ఆవకాయ లేదు. గోంగూర, కార్తీకం వచ్చాక చింతకాయ, ఆ తరవాత ఉసిరి, ఏదో ఒకటి ఉండేది, కానీ మీ తాతయ్య పెరుగన్నంలోకి వచ్చేసరికి ఒకసారి విస్తరి పక్కకు చూసి, మారు మాట్లాడకుండా తినేసి లేచేవారు. ఇరుగుపొరుగు వాళ్లకు తెలిసి చిన్న చిన్న గిన్నెల్లో పంపేవాళ్లు. మన ఇంటి నుంచి గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదని అమ్మ ప్రతి గిన్నెలోనూ ఏదో ఒకటి పెట్టి పంపేది, అరటికాయో, బెల్లం ముక్కో, నాలుగు జంతికలో. పది ఇళ్లకు పచ్చడి పంచిపెట్టే చెయ్యి ఆ ఏడు పుచ్చుకుంటూ కూర్చుంది. ఒక రాత్రి వంటింట్లో దీపం తగ్గించి అమ్మ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పచ్చడి పోయినందుకు కాదు, అడగకుండానే ఇచ్చిన ఆ గిన్నెలకు. అది మీ నాన్నకు నేను ఎప్పుడూ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

అందుకే నాకు తడి అంటే అంత భయం. జాడీ కడిగాక రెండు రోజులు ఎండలో బోర్లించు. అడుగున చెమ్మ ఉంటుంది, కంటికి కనబడదు, వేలితో తడిమి చూడు. అపార్టుమెంటు మేడ మీది తాళం వాచ్‌మన్‌ను అడిగి తీసుకుని ఉప్పు, ఆవాలు, గరిటె, బేసిను, అన్నీ ఎండబెట్టు. కలిపేటప్పుడు చేతికి గాజులు ఉంటే తీసెయ్యి, గాజు కింద నీళ్లు నిలుస్తాయి. నుదుటి చెమట కూడా తడే. తలకు గుడ్డ కట్టుకో. రోజువారీకి చిన్న గాజు సీసాలోకి తీసుకో, పెద్ద జాడీ నెలకొకసారి నువ్వు మాత్రమే విప్పు. ఎవరు అడిగినా "నేను తీసిస్తాను" అను. మొహమాటపడకు.

చేతికి ముందే నూనె రాసుకుని కలుపు, కారం మంట ఎత్తదు. మంట ఎత్తితే మజ్జిగలో చెయ్యి ముంచు. ఆ పూట బుజ్జిగాడిని వంటింటి గడప దాటనివ్వకు. కారం అంటిన చేత్తో వాణ్ణి ఎత్తుకోవద్దు, వాడి కళ్లు నలిపితే పడే బాధ చూడలేవు. పక్కింటి వాళ్లకు అప్పజెప్పు, లేదంటే మీ ఆయన్ను సెలవు పెట్టమను.

మీ అత్తగారు వరంగల్ పద్ధతిలో అల్లం వెల్లుల్లి ముద్ద వేసి, నూనె కాచి పోపు పెట్టి చల్లార్చి పోయాలన్నారట కదా. అదీ అద్భుతంగా ఉంటుంది, నేను తిన్నాను. ఆవిడ చెప్పినట్టే ఐదు కాయలతో వేరే సీసాలో పెట్టు, ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని పెట్టు. రెండు పద్ధతులూ ఒకే జాడీలో కలిపావంటే ఆవిడకూ కోపం, నాకూ కోపం.

జాడీలోకి ఎత్తాక బేసినుకు అంటుకున్న గుజ్జు కడిగెయ్యకు. వేడి వేడి అన్నం అందులోనే కుమ్మరించి, నెయ్యి వేసి, బేసినంతా తుడిచినట్టు కలుపు. మీ నాయనమ్మ మా అందరినీ చుట్టూ కూర్చోబెట్టి ముద్దలు చేసి చేతిలో పెట్టేది. ఊరని ఆవ ముక్కులోకి ఎక్కి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే "ఇంకొకటి" అని చెయ్యి చాపేవాళ్లం. బుజ్జిగాడికి నెయ్యి ఎక్కువ వేసి, గోలీ అంత ముద్ద మొదటిసారిగా పెట్టు. ఏడిస్తే పంచదార పెట్టు.

మూడో రోజు తిరగ కలపాలి. అప్పటికి ముక్క కిందికి దిగి నూనె పైకి తేలుతుంది. తేలకపోతే కంగారు పడకు, ఇంకాస్త పప్పునూనె పొయ్యి. ఉప్పు చూడు, చాలకపోతే అప్పుడే కలుపు. ఆ సాయంత్రం నాకు ఫోను చేసి నూనె ఎన్ని వేళ్లు తేలిందో, ముక్క కొరికితే టక్కుమందో లేదో చెప్పు. మీ నాన్న వచ్చే నెల ఇటు వస్తాడు, చిన్న సీసాడు వాడి చేత పంపు. సీసా మూతకు టేపు గట్టిగా చుట్టు.

ఇట్లు,
ఆశీస్సులతో మీ అత్త