రంగు ఆకులు వైరస్ కాదు, మొక్క మొదలు చూడండి

ప్రశ్న: తోటలో అందం కోసం క్లారీ సేజ్ 200 మొక్కలు పెట్టాం. పై ఆకులు ఊదా, గులాబీ రంగుకు తిరిగాయి. కింది ఆకులు పసుపెక్కాయి. రోజూ నీళ్లు పెడుతున్నా మధ్యాహ్నానికి కొన్ని మొక్కలు వాలిపోతున్నాయి. డీలర్ వైరస్ అంటే ఇమిడాక్లోప్రిడ్ పురుగుమందు రెండుసార్లు, 19-19-19 ఎరువు మూడుసార్లు కొట్టాం. తగ్గలేదు.
– ఒక రైతు, చేవెళ్ల, రంగారెడ్డి జిల్లా

జవాబు: ముందు ఆ స్ప్రేలు ఆపండి. మీరు వేసింది ఒక్క సీజన్‌లో అయిపోయే అలంకరణ రకం, సాల్వియా విరిడిస్. దీని అసలు పూలు చిన్నవి. రంగంతా కొమ్మ చివరి పుచ్ఛాలదే (పూలను అంటిపెట్టుకుని ఉండే ఆకులు), కాగితంపూల చెట్టుకు ఉన్నట్టే. నూనె తీసే క్లారీ సేజ్ వేరు, మన మైదానాల ఎండకు అది నిలవదు.

వాలిన మొక్కనొకటి పీకండి. మొదలు దగ్గర బెరడు గోధుమరంగుకు తిరిగి, వేలితో లాగితే తొడుగులా ఊడివస్తే మొదలు కుళ్లే. వేరు కుళ్లాక నేలలో తడి ఉన్నా మొక్క తీసుకోలేదు. మీరు దాహమనుకుని ఇంకా పోస్తున్నారు. ఇది మధ్యధరా ప్రాంతపు మొక్క, బురద పదును అసలు ఓర్చుకోదు.

కుళ్లినవాటిని మట్టితో సహా తీసి కాల్చేయండి. మిగతావాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. 10 రోజులకు మరోసారి. ఇకపై రెండంగుళాల లోతు మట్టి ఆరాకే నీళ్లు, అదీ ఉదయం పూటే. 19-19-19 ఇక వద్దు. నత్రజని ఎక్కువైతే కాడ మెత్తబడి కుళ్లు ఇంకా పెరుగుతుంది.

వైరస్‌కు మందే లేదు. ఇమిడాక్లోప్రిడ్ చంపేది దాన్ని మోసే రసం పీల్చే పురుగుల్ని. ఆకు వెనక తెల్లదోమ, పేనుబంక ఉన్నాయో లేవో చూడకుండా దేని మీద కొట్టినట్టు? ఈ పూల మీద తేనెటీగలు బాగా వాలతాయి, మందు నేరుగా తగిలేది వాటికే. మొక్క పేరు అడగకుండా డబ్బా చేతిలో పెట్టే డీలర్ మాట మీద పంపు భుజానికెత్తుకోకండి.

వచ్చే ఏడాది అక్టోబరు రెండో పక్షంలో అరడుగు ఎత్తు మడులు చేసి నేరుగా విత్తండి. గింజ నానబెట్టొద్దు, సబ్జాలా జిగురు పట్టి ముద్దవుతుంది. పైన పలుచగా ఇసుక చల్లితే చాలు. నాలుగాకులు వచ్చాక మొక్కకు మొక్కకు అడుగు దూరం ఉండేలా పలుచన చేసి, జానెడు ఎత్తులో తల తుంచండి. విత్తే ముందు ఎకరాకు 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (కుళ్లు తెగులును అణచే మేలుచేసే శిలీంధ్రం) కలిపి, నీళ్లు చల్లి, గోనె కప్పి నీడలో వారం ఉంచి మడుల్లో వేయండి. కాపర్ మందుకు, దీనికి కనీసం 15 రోజుల ఎడం ఉండాలి.