మోకాళ్ల నొప్పికి ఐదు నెలలుగా షాపు మాత్రలు: ముందు కిడ్నీ పరీక్ష చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో ఉండే అమ్మకు 61 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ. బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మాత్ర, షుగర్‌కి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన ఎం1 మాత్ర వాడుతోంది. ఏడాది కిందటి చీటీ చూపించి మెడికల్ షాపులో తెచ్చుకుంటుంది. రెండు నెలల కిందట బీపీ మాత్ర వేరే కంపెనీది ఇచ్చారు. షుగర్ మాత్ర ఎం1 లేదని, అదే మందని చెప్పి ఎం2 ఇచ్చారు. అప్పటి నుంచి బీపీ 160/100 దాటుతోంది. కంపెనీ మారితే మందు పనిచేయదా? పాత కంపెనీదే ఇక్కడి నుంచి కొని పంపమంటారా? మోకాళ్ల నొప్పులకు అదే షాపులో ఇచ్చిన ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ మాత్ర రోజుకు రెండు చొప్పున ఐదు నెలలుగా వేసుకుంటోంది, నొప్పి బాగానే తగ్గింది. ఈమధ్య కాళ్లు కొంచెం వాస్తున్నాయి. తెల్లవారుజామున చెమటలు పట్టి నీరసంగా ఉంటోందట. వయసు వల్లేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఓపీ నడుస్తుండగా రాస్తున్నాను కాబట్టి ముఖ్యమైనది ముందు చెబుతాను. మీరు కంపెనీ గురించి అడిగారు. నన్ను కంగారుపెట్టింది మీరు చివర్లో రాసిన మూడు వాక్యాలు: ఐదు నెలల నొప్పి మాత్ర, కాళ్ల వాపు, తెల్లవారుజాము చెమటలు. మనిషిని చూడకుండా జబ్బు ఇదేనని నేను ఖాయంగా చెప్పలేను. కానీ వీటిని వయసు మీదకు నెట్టేసి ఊరుకోకూడదు.

ఎసిక్లోఫెనాక్ మాత్ర ఈరోజే ఆపించండి. షుగర్, బీపీ ఉండి, టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయజైడ్ కూడా వాడుతున్న మనిషి రోజూ నొప్పి మాత్ర వేసుకుంటే కిడ్నీ మీద మూడు వైపుల నుంచి ఒత్తిడి పడుతుంది. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళం తెరుచుకుని ఉండటానికి శరీరం కొన్ని రసాయనాలను తయారుచేస్తుంది. నొప్పి మాత్రలు తగ్గించేది సరిగ్గా వాటినే. టెల్మిసార్టాన్ వడపోత దగ్గర నుంచి బయటకు వెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో ఉప్పును, నీటిని బయటకు పంపుతుంది. విడివిడిగా చూస్తే టెల్మిసార్టాన్ షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీకి మేలు చేసే మందే. మూడూ కలిసినప్పుడు మాత్రం వడపోతకు కావలసినంత ఒత్తిడి నిలవదు. ఎండాకాలంలో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినా, విరేచనాలో వాంతులో అయినా కొద్ది రోజుల్లోనే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోసి బయటకు పంపాల్సిన వ్యర్థం) పెరిగిపోవచ్చు.

నొప్పి మాత్రలు ఒంట్లో నీరు, ఉప్పు నిలిచిపోయేలా చేస్తాయి, బీపీని పెంచుతాయి, బీపీ మందుల పని తగ్గిస్తాయి. మీ అమ్మగారి కాళ్ల వాపుకు, 160/100కి ఇదే కారణం కావచ్చు. గుండె, థైరాయిడ్, కాలేయం సమస్యల్లోనూ వాపు వస్తుంది కాబట్టి డాక్టరు చేత్తో నొక్కి చూసి, గుండె విని చెప్పాలి.

మీది సోంపేట వైపు అన్నారు. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. దానికి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. కారణం తెలియని చోట, కిడ్నీకి చెరుపు చేస్తుందని మనకు కచ్చితంగా తెలిసిన మందుకైనా దూరంగా ఉండాలి కదా! పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మీ ఊరికి అది దూరం కాదు. ఈ వారంలోనే సీరం క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే లెక్క), పొటాషియం, మూత్రంలో అల్బుమిన్, హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) చేయించండి. టెల్మిసార్టాన్, నొప్పి మాత్ర కలిస్తే పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది, అది గుండె లయను దెబ్బతీస్తుంది. నెలల తరబడి నొప్పి మాత్రలు వాడేవాళ్లకు కడుపులో పుండు పడి తెలియకుండానే రక్తం పోతుండవచ్చు, అందుకే హిమోగ్లోబిన్ కూడా అడిగాను. మలం తారులా నల్లగా వస్తున్నా, మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా వారం ఆగకండి, ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక చెమటలు. సాధారణంగా ఎం1లో గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము, ఎం2లో 2 మిల్లీగ్రాములు ఉంటుంది. షాపులో 'అదే మందు' అన్నది పేరు వరకే నిజం, డోసు రెట్టింపయింది. దానికి తోడు కిడ్నీ మందగిస్తే ఈ మందు ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. రాత్రి తక్కువ తిని పడుకుంటే తెల్లవారేసరికి షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, నీరసం, అయోమయం దాని లక్షణాలే. ఆ సమయంలో గ్లూకోమీటర్‌తో చూడమనండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. మీటరు దగ్గర లేకపోతే చూడటం కోసం ఆగకుండా చక్కెర నీళ్లు ఇచ్చేయాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఎం2 విషయం చీటీ రాసిన డాక్టరుకు ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. ఆయన దొరక్కపోతే తర్వాతి మాత్ర వేసేలోపు పీహెచ్‌సీ డాక్టరునైనా కలవాలి. ఎం2ని సగానికి విరిచి వేయించే ఆలోచన చేయొద్దు. ఇలాంటి మాత్రల్లో మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా విడుదలయ్యేలా తయారుచేసి ఉంటుంది, విరిస్తే ఆ ఏర్పాటు దెబ్బతినొచ్చు. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

మీరు అడిగిన దానికి ఇప్పుడు చెబుతాను. మందు పేరు, మిల్లీగ్రాములు, నెమ్మదిగా విడుదలయ్యే రకమా మామూలు రకమా అన్నవి ఒకటే అయితే కంపెనీ మారినంత మాత్రాన సాధారణంగా భయపడక్కర్లేదు. జన్ ఔషధి దుకాణాల్లో తక్కువ ధరకు దొరికే జెనరిక్ మందులతో (బ్రాండు పేరుతో కాకుండా మందు అసలు పేరుతో అమ్మేవి) లక్షలమందికి బీపీ అదుపులో ఉంటోంది. పాత కంపెనీది పార్సిల్ చేయాల్సిన పని లేదు. మీరు ఖర్చు పెట్టాల్సింది పైన రాసిన పరీక్షల మీద. అయితే ఒక మాట: షెడ్యూల్ హెచ్ మందుల (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి) విషయంలో డాక్టరు ఒక బ్రాండు పేరు రాస్తే, దాని బదులు ఇంకొకటి షాపువాళ్లు సొంతంగా ఇవ్వకూడదని ఔషధ నియమాల్లోనే ఉంది. మారిస్తే డాక్టరుకు ఫోన్ చేసి మార్చాలి. డాక్టరు జెనరిక్ పేరు రాసినప్పుడు ఏ కంపెనీది ఇవ్వాలన్నది ఫార్మసిస్టు చూసుకోవచ్చు. 'స్టాక్ లేదు, ఇది తీసుకోండి' అంటే, మీ అమ్మగారు ఆ మాత్ర వేసుకోకముందే మీకు ఫోటో పంపాలి. మీరు చీటీతో పోల్చి చూడాలి.

ఏడాది కిందటి చీటీతో ఇప్పటికీ మందులు తెచ్చుకోవడం గురించి కొంచెం గట్టిగానే చెబుతున్నాను, నొచ్చుకోకండి. షుగర్ ఉన్న మనిషి ఏడాదిపాటు డాక్టరును కలవలేదు. ఐదు నెలలు నొప్పి మాత్ర వాడుతుంటే ఇంట్లో ఒక్కరూ ఎందుకని అడగలేదు. నొప్పి తగ్గింది కాబట్టి మందు మంచిదే అనుకున్నారు. మన దగ్గర చాలామంది చేసేదిదే. షాపుకి వెళ్లి 'ఒళ్లు నొప్పులకి నాలుగు మాత్రలు ఇవ్వండి' అంటారు. కౌంటర్లో కుర్రాడు రెండు మూడు రకాలు కత్తిరించి కాగితంలో కట్టి ఇస్తాడు. అందులో ఏముందో కొన్నవాళ్లకు తెలియదు. ఇచ్చిన కుర్రాడికీ, ఈ మనిషికి బీపీ ఉందా, కిడ్నీ ఎలా ఉంది, ఇంకేం వాడుతోంది అన్నది తెలియదు. ఎసిక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడనిది. స్ట్రిప్ మీద ఆ హెచ్చరిక అచ్చువేసే ఉంటుంది. ఇక కీళ్ల నొప్పులకని పేరు, లేబులు లేకుండా అమ్మే పొడుల జోలికి అసలు వెళ్లొద్దు, కొన్నింటిలో స్టెరాయిడ్ కలుపుతారు.

ఈ మొత్తం వ్యవహారాన్ని మొదటి వారంలోనే ఆపగలిగిన మనిషి ఒకరున్నారు. ఆ షాపులో ఉండాల్సిన ఫార్మసిస్టు. డి.ఫార్మసీ అంటే రెండేళ్ల చదువు, ఆపైన ఆస్పత్రిలోనో షాపులోనో 500 గంటల శిక్షణ. బి.ఫార్మసీ నాలుగేళ్లు, 2008లో మొదలైన ఫార్మ్.డి ఆరేళ్లు. ఇంత చదివినవాళ్ల పని డబ్బా మీద పేరు చూసి అందించడంతో అయిపోదు. చీటీ మీద రాసిన మందులు మనిషి ఇంతకుముందే వాడుతున్నవాటితో పడతాయో లేదో చూడాలి. డోసు ఎక్కువగా కనిపిస్తే డాక్టరుకు ఫోన్ చేసి అడగాలి. ఎప్పుడు, ఎలా వేసుకోవాలో విడమరిచి చెప్పాలి. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ రోగికి వివరించి చెప్పడాన్ని వాళ్ల బాధ్యతల్లోనే చేర్చాయి. నా దగ్గరకొచ్చే రోగి గుండె డాక్టరు రాసినవి, ఎముకల డాక్టరు రాసినవి నాకు చూపించడం మర్చిపోవచ్చు. కానీ అన్నీ కొనేది ఒకే షాపులో అయితే, అన్నిటినీ ఒకచోట చూసేది ఆ ఫార్మసిస్టే. డాక్టర్లం రాసేటప్పుడు జరిగే పొరపాట్లు పట్టుబడేదీ అక్కడే.

ఉదాహరణకు ఇన్సులిన్ తీసుకోండి. మన దేశంలో వయల్‌లో దొరికే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల ఇన్సులిన్‌కి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే డోసు రెండున్నర రెట్లవుతుంది, మనిషి ప్రాణం మీదకొస్తుంది. కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి చనిపోయినవాళ్లున్నారు. కవరు మీద 'వారానికి ఒక్కసారే' అని పెద్దక్షరాలతో రాసిచ్చే ఫార్మసిస్టు నిజంగా ప్రాణం కాపాడుతున్నట్టే. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలని, కాల్షియం, ఐరన్ మాత్రలకు దానికి నాలుగు గంటల ఎడం ఉండాలని కూడా మేం హడావిడిలో చెప్పకుండా వదిలేస్తుంటాం. మీ అమ్మగారి టెల్మిసార్టాన్‌కీ ఒక జాగ్రత్త ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వారానికి సరిపడా ముందే స్ట్రిప్‌లోంచి తీసి డబ్బాలో పోసిపెట్టకూడదు, వేసుకునేటప్పుడే తీయాలి. తీరప్రాంతపు తేమలో ఇది మరీ ముఖ్యం.

అయితే చాలా షాపుల్లో గోడకు ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఉంటుంది, మనిషి ఉండరు. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మందులు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టే. సర్టిఫికెట్ అద్దెకిచ్చి వేరేచోట ఉద్యోగం చేసుకోవడం, దాన్ని తీసుకుని షాపు నడపడం రెండూ రోగికి చేస్తున్న ద్రోహమే. ఈసారి ఊరెళ్లినప్పుడు 'ఫార్మసిస్టు గారు ఉన్నారా, ఒకసారి మాట్లాడాలి' అని మీరే అడగండి. ఎప్పుడు వెళ్లినా లేరంటే షాపు మార్చేయండి, సోంపేట వరకు వెళ్లాల్సి వచ్చినా సరే. ఉన్న చోట అమ్మగారు వాడే మాత్రలన్నీ స్ట్రిప్పులతో సహా సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి. నాటు మందులు, గ్యాస్ మాత్రలు కూడా. ఏది దేనికి, ఏది దేనితో కలపకూడదు అని అడిగి, అమ్మగారికి చదవడం వస్తే తెలుగులో, రాకపోతే సూర్యుడు, చంద్రుడు బొమ్మలతో కవరు మీద రాయించండి. పేరు, గడువు తేదీ కనిపించని తుంచిన ముక్కలు తీసుకోవద్దు. బిల్లు అడగండి, మందులో తేడా వస్తే బ్యాచ్ నంబరు దానివల్లే తెలుస్తుంది. ఏ మందుతోనైనా దుష్ఫలితం వచ్చిందనిపిస్తే మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ఉచిత నంబరు 1800-180-3024కి మీరే చెప్పొచ్చు. ఇంకో మాట, చీటీ లేదని ఫార్మసిస్టు మందు ఇవ్వనంటే ఆయనతో గొడవపడి పక్క షాపుకి వెళ్లకండి. మీ అమ్మగారికి ఐదు నెలల కిందట అలా 'ఇవ్వను' అనే మనిషి దొరికుంటే ఎంతో బాగుండేది.

మోకాళ్ల సంగతి అశ్రద్ధ చేయమనడం లేదు. నొప్పి మాత్ర ఆపగానే బాధ తిరిగొస్తుంది, మళ్లీ అదే మాత్ర కోసం వెళ్లకుండా మీరు మాట్లాడి ఒప్పించాలి. విడిగా పారాసెటమాల్ వాడొచ్చేమో, ఎంత వాడాలో రిపోర్టులు చూసిన డాక్టరు చెబుతారు. పైపూతలు కూడా ఆయన్ను అడిగాకే. వేడి కాపడం, తొడ కండరాలకు వ్యాయామం, కింద కూర్చోవడం మానేయడం, నొప్పి లేని వైపు చేతిలో కర్ర పట్టుకోవడం ఈరోజు నుంచే మొదలుపెట్టొచ్చు. ఈ జవాబు మీ డాక్టరు పరీక్షకు బదులు కాదు. ఆయన దగ్గరకు వెళ్లేటప్పుడు కొత్త రిపోర్టులు, పాత చీటీ, షాపులో ఇచ్చిన మూడు స్ట్రిప్పులు తప్పకుండా తీసుకెళ్లండి, నొప్పి మాత్ర ఎన్నాళ్లు వాడారో మొహమాటం లేకుండా చెప్పండి. క్రియాటినిన్ ఎక్కువగా వస్తే మెట్‌ఫార్మిన్ డోసు కూడా మార్చాల్సి రావచ్చు.