కంచు బస్ట్‌ని ఆయిల్స్‌లో వేసేటప్పుడు గోల్డ్ రంగు వాడాలా?

గోల్డ్ ట్యూబ్ కొనకండి. తాతగారి కంచు బస్ట్‌ని (తల నుంచి భుజాల దాకా ఉండే విగ్రహాన్ని) చూస్తూ కాన్వాస్ మీద ఆయిల్ రంగులతో వేస్తుంటే చాక్లెట్ బొమ్మలా వస్తోందన్నారు కదా, నాకూ మొదట అలాగే వచ్చింది. ఆరేళ్ల కిందట మా ఊరి గ్రంథాలయంలో ఉన్న వీరేశలింగం పంతులుగారి కంచు బస్ట్‌ని వేయడానికి కూర్చున్నప్పుడు నేనూ గోల్డ్ పూశాను. కాన్వాస్ చదునుగా ఉంటుంది కాబట్టి ఎదురుగా నిలబడితే ముక్కూ చెంపా నీడా అన్నీ కలిసి మెరిశాయి, పక్కకి జరిగితే అన్నీ కలిసి నల్లబడ్డాయి. ముఖంలో గుండ్రదనమే లేకుండా పోయింది. మొత్తం రంగులు కలిపే నైఫ్‌తో గీకేశాను.

చర్మం మీద వెలుగు మెల్లగా నీడలోకి దిగుతుంది. కంచు మీద అలా దిగదు. చిమ్మచీకటి లాంటి ముదురు రంగు పక్కనే కిటికీ వెలుగు కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. మీరు బహుశా ఆ అంచులన్నీ బ్రష్‌తో మెత్తగా కలిపేస్తున్నారు, చాక్లెట్‌లా కనబడేది అందుకే. కళ్లు చిట్లించి చూడండి, మెరుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఒకే కిటికీ ఉంచి మిగతావి మూసేస్తే ఇంకా తేలిక.

రంగులు మామూలువే చాలు. నీడలకి బర్న్ట్ అంబర్‌లో (ముదురు గోధుమ) అల్ట్రామెరీన్ (ముదురు నీలం) కలపండి, విడిగా నలుపు అక్కర్లేదు. వెలుగుకీ నీడకీ మధ్యలో బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు). చెవి మడతల్లో, మెడ కింద చిలుము పట్టి ఉంటే విరిడియన్‌లో (నీలం కలిసిన ఆకుపచ్చ) కాస్త ఆకర్, తెలుపు. అంబర్ తొందరగా ఆరుతుంది, కాబట్టి మొదటి పొర దానితోనే టర్పెంటైన్ కలిపి పల్చగా వేసుకోండి. నూనె పై పొరల్లో పెంచుకోవచ్చు.

మెరుపులన్నీ ఒకే రంగులో ఉండవు. మైనం పట్టించిన ముదురు గోధుమ భాగాల మీద కిటికీలోని ఆకాశమే కనబడుతుంది, అంటే కొంచెం నీలం కలిసిన తెలుపు. పంతులుగారి భుజాల మీద మాత్రం ఏళ్ల తరబడి దండలు వేసీ తీసీ పైపొర అరిగి లోపలి కంచు బయటపడింది. అక్కడి మెరుపు పసుపు. ఆ రెండు మెరుపులూ పక్కపక్కన పెట్టాక గానీ బొమ్మ లోహంలా కనబడలేదు.

ఇంకోటి, మీ చొక్కా. రెండో రోజు పంతులుగారి దవడ కింద ముందురోజు లేని ఎరుపు కనిపించింది. గంటసేపు దాన్ని వేశాక, నేను లేచి నిలబడగానే అది కదిలింది. అది కంచులో కనబడుతున్న నా ఎర్ర చొక్కా ప్రతిబింబం. అప్పట్నుంచి ప్రతి సిట్టింగ్‌కీ ఒకే బూడిదరంగు చొక్కా వేసుకెళ్లాను.

కళ్ల దగ్గర జాగ్రత్త. చాలా బస్టుల్లో కనుపాప ఉండదు, అక్కడ శిల్పి చెక్కిన చిన్న గుంట ఉంటుంది. అందులోని చీకటే మనకి చూపులా అనిపిస్తుంది. తాతగారు మీకు తెలిసిన మనిషి కాబట్టి బతికున్న కన్ను వేయాలని చెయ్యి లాగుతుంది. వేయకండి, ఆ చీకటిని ఉన్నదున్నట్టు వేయండి, ఆయన చూపు అందులోనే ఉంటుంది.

అన్నట్టు, బొమ్మ మొదలుపెట్టే ముందు ఇంట్లో ఎవరైనా ఆ బస్ట్‌ని చింతపండు పెట్టి తళతళలాడేలా తోముతామంటే ఒప్పుకోకండి. ఆ చిలుమూ, ఆ అరుగుదలా పోతే మీకు వేయడానికి మిగిలేది ఒట్టి పసుపే.