ఫార్మాట్‌కు సంతకం పెట్టే ముందు

ప్రశ్న: మాది ఆదోని. ఇంటి ముందు గదిలోనే చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. తొమ్మిది నెలల కిందట కర్నూలులో రూ.68,000 పెట్టి లాప్‌టాప్ కొన్నాం. బిల్లు స్టూడియో పేరుతో, జీఎస్టీ నంబరుతో ఉంది. పోయిన వారం రాత్రి విండోస్ అప్‌డేట్ దానంతటదే మొదలైంది. తెల్లారి చూస్తే నీలం తెర మీద రికవరీ కీ అడుగుతోంది. కర్నూలులో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఇచ్చాం. సాఫ్ట్‌వేర్ సమస్య వారంటీలోకి రాదు, ఫార్మాట్ చేయాలి, రూ.1,800 అవుతుంది అన్నారు. డేటా పోతే మాకు సంబంధం లేదని ఫారం మీద సంతకం పెట్టమంటున్నారు. డబ్బు కట్టకపోతే లాప్‌టాప్ వెనక్కి ఇవ్వరట. అందులో మూడు పెళ్లిళ్ల ఫొటోలున్నాయి. సంతకం పెట్టాలా? కేసు ఎవరి మీద వేయాలి? వారంటీ కాగితంలో వివాదాలన్నీ బెంగళూరు కోర్టులోనే అని రాశారు.
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: ఆ ఫారం మీద సంతకం పెట్టకండి. ఫార్మాట్ చేస్తే ఫొటోలు పోతాయని మీకు తెలుసు. వాటితో పాటు మీ కేసు కూడా పోతుంది. అప్‌డేట్ ఎక్కడ ఆగింది, ఏ ఫైల్ దగ్గర తప్పింది, డిస్క్ బాగుందా లేదా అని చెప్పే లాగ్ ఫైళ్లన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. అవి చెరిగిపోయాక తప్పు మీదో, కంపెనీదో, సర్వీస్ సెంటర్‌దో ఏ వినియోగదారుల కమిషనూ తేల్చలేదు.

ఈరోజే సర్వీస్ సెంటర్‌కు ఈమెయిల్, వాట్సాప్ రెండిటిలోనూ ఈ మాటలు పంపండి: "జాబ్ షీట్ నంబరు ఫలానా, సీరియల్ నంబరు ఫలానా. నా రాతపూర్వక అనుమతి లేకుండా ఈ లాప్‌టాప్‌ను ఫార్మాట్, రీసెట్, రీఇన్‌స్టాల్ చేయరాదు. ఎస్ఎస్‌డీ మార్చరాదు. యథాతథంగా తిరిగి ఇవ్వండి." ఎస్ఎస్‌డీ అంటే మీ ఫైళ్లన్నీ ఉండే డిస్కే. ఈ మెసేజ్ తర్వాత వాళ్లు ఫార్మాట్ చేస్తే అది నేరుగా సేవాలోపం. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోని సమాచారాన్ని చెరిపేసినందుకు ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కూడా అడగవచ్చు.

డబ్బు కట్టనిదే ఇవ్వం అనే మాటలో కొంతే న్యాయం ఉంది. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవాడు ఆ పనికి రావాల్సిన డబ్బు అందేదాకా వస్తువును అట్టిపెట్టుకోవచ్చు. అంటే తనిఖీ చార్జీ జాబ్ షీట్‌లో ముందే రాసి, తనిఖీ చేసి ఉంటే అది కట్టాల్సిందే. చేయని ఫార్మాట్‌కు రూ.1,800 అడిగి లాప్‌టాప్ ఆపే హక్కు లేదు. తనిఖీ డబ్బు కట్టి, రసీదు తీసుకుని, యంత్రాన్ని ఇంటికి తెచ్చుకోండి.

ఇక ఆ నీలం తెర సంగతి. కీ అడుగుతోందంటే ఫొటోలు పోయినట్టు కాదు, డిస్క్‌కు తాళం పడినట్టు. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ అంతా విండోస్‌లోని బిట్‌లాకర్ అనే తాళంతో ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలో, ఉంటుంది. రోజూ మదర్‌బోర్డు మీది టీపీఎం చిప్ ఆ తాళాన్ని తానే తీస్తుంది. అప్‌డేట్‌లో బయోస్‌లోనో (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్), బూట్ ఫైళ్లలోనో మార్పు జరిగితే చిప్ యంత్రాన్ని గుర్తుపట్టక తాళం తీయదు. అప్పుడు 48 అంకెల కీ కావాలి. ఆరేసి అంకెల ఎనిమిది గుంపులుగా ఉంటుంది. లాప్‌టాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యారో, మామూలుగా కీ ఆ ఖాతాలోనే దాచి ఉంటుంది. ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి, డివైజెస్ కింద రికవరీ కీల జాబితా చూడండి. నీలం తెర మీద కనిపించే కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు జాబితాలో దేనితో సరిపోతే అదే మీ కీ.

మీ ఖాతాలో ఏమీ లేకపోతే, కొన్న రోజు దుకాణంలో సెటప్ ఎవరు చేశారో గుర్తు తెచ్చుకోండి. కొనేవాళ్ల ఈమెయిల్ అడక్కుండా, దుకాణం కుర్రాడు తన ఖాతాతోనో దుకాణం ఖాతాతోనో లాగిన్ అయి యంత్రం చేతిలో పెట్టడం చాలాచోట్ల జరుగుతుంది. అప్పుడు మీ కీ వాళ్ల ఖాతాలో ఉంటుంది. కీ ఐడీ రాసి, కీ ఇవ్వమని దుకాణానికి రాతపూర్వకంగా అడగండి. దగ్గర ఉండీ ఇవ్వకపోతే దుకాణం మీద కేసుకు ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు. అవసరమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమేనని వినియోగదారుల రక్షణ చట్టం 2(11) సెక్షన్‌లోనే ఉంది.

కీ కొట్టాక విండోస్ తెరుచుకుంటే వెంటనే ఫొటోలన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. తెరుచుకోకపోతే చార్జర్ పెట్టే ఉంచి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. అక్కడ కమాండ్ ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి, ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే మీ ఫోల్డర్లు కనిపిస్తాయి. అక్కడి నుంచే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయవచ్చు. డ్రైవ్ అక్షరం సీ బదులు డీ అనో ఈ అనో చూపవచ్చు, కంగారు పడకండి. ఫొటోలతో పాటు విండోస్ ఫోల్డర్‌లోని పాంథర్ ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకోండి, అప్‌గ్రేడ్ లాగ్‌లు అందులోనే ఉంటాయి. ఇదంతా అయ్యాకే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోని అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నొక్కాలి. అందులో నెలనెలా వచ్చే క్వాలిటీ అప్‌డేట్, పెద్దదైన ఫీచర్ అప్‌డేట్ అని రెండుంటాయి. ముందు మొదటిది తీసి చూడండి. ఫీచర్ అప్‌డేట్ వెనక్కి తీసుకోవడానికి మామూలుగా పది రోజులే గడువు, పాత విండోస్ ఫోల్డర్ ఆ తర్వాత చెరిగిపోతుంది. మీకు ఇప్పటికే వారం గడిచింది.

రీసెట్‌లో కీప్ మై ఫైల్స్ అన్న మాట చూసి ధైర్యపడకండి. అది మీ యూజర్ ఫోల్డర్‌ను ఉంచి ప్రోగ్రామ్‌లన్నీ తీసేస్తుంది, మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా పోతుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు ఫార్మాట్ అనేది ఎక్కువగా పెన్‌డ్రైవ్ పెట్టి పార్టిషన్లు తీసేసి చేసేదే. ఎన్‌క్రిప్ట్ అయిన ఎస్ఎస్‌డీని అలా చేశాక ఏ రికవరీ సాఫ్ట్‌వేర్‌తోనైనా ఫొటోలు వస్తాయన్న ఆశ బాగా తక్కువ.

ఇప్పుడు కేసు సంగతి. స్టూడియో పేరుతో జీఎస్టీ బిల్లు ఉంది కాబట్టి, మీరు వినియోగదారు కాదు, వ్యాపారి అని అవతలివాళ్లు మొదటి మాటగా అంటారు. వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారని వినియోగదారుల రక్షణ చట్టం 2(7) సెక్షన్ చెబుతున్నా, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం వాడుకునే వస్తువుకు ఆ మాట వర్తించదని అక్కడే వివరణ ఉంది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లో దీన్ని విడమర్చి చెప్పింది. బతుకుదెరువు కోసం తానే నడుపుకునే ఆటో కొన్నవాడు వినియోగదారే. ఒకరిద్దరిని సాయం పెట్టుకున్నా ఆ హోదా పోదు. ఫిర్యాదు మొదటి పేరాలోనే "స్టూడియో నేనే నడుపుతాను, నా జీవనాధారం ఇదే" అని రాయండి. ఇది మర్చిపోయి పోగొట్టుకున్న కేసులు తక్కువేమీ కావు.

బెంగళూరు షరతుకు భయపడాల్సిన పని లేదు. అదే చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోట, లేదా పని చేసుకునే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. మీకది కర్నూలు. మీరు చెల్లించిన ధర రూ.50 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషన్‌దే అధికారం, రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసి, విచారణ వీడియో కాన్ఫరెన్స్‌లో జరపమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడిగితే లాయర్‌ను ఇస్తారు. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ నంబరు 15100.

ఎవరి మీద అన్నది మాత్రం ఆలోచించి తేల్చాలి. విండోస్ తయారీ సంస్థ మీద మీ కేసు బలహీనం. ఆటోమేటిక్ అప్‌డేట్లకు ఒప్పుకున్నట్టు, నష్టపరిహారం సాఫ్ట్‌వేర్‌కు చెల్లించిన ధర దాటదన్నట్టు లైసెన్స్ ఒప్పందంలో ఉంది. ఆ అప్‌డేట్‌లోనే లోపం ఉందని సంస్థే ఒప్పుకుంటే లెక్క మారుతుంది. 2018 అక్టోబరులో విండోస్ 10 అప్‌డేట్ ఒకటి కొందరి ఫైళ్లు చెరిపేస్తోందని తేలి మైక్రోసాఫ్ట్ దాని పంపిణీ ఆపింది. 2025 మే నెలలో కూడా ఒక అప్‌డేట్ తర్వాత కొన్ని యంత్రాలు మీ యంత్రంలాగే రికవరీ కీ అడిగితే, మరో అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మీ అప్‌డేట్ హిస్టరీలో కేబీ అక్షరాలతో మొదలయ్యే నంబరు చూసి, ఆ నంబరుకు కంపెనీ సైట్‌లో నోన్ ఇష్యూస్ కింద ఏం రాశారో తేదీతో ప్రింట్ తీయండి. ఏమీ లేకపోతే ఆ సంస్థను వదిలేయండి, అనవసరపు ప్రతివాది వల్ల కేసు సాగడమే మిగులుతుంది.

లాప్‌టాప్ కంపెనీ విషయంలో తేలాల్సింది ఎస్ఎస్‌డీ ఆరోగ్యం. చెడిపోతున్న డిస్క్ మీద అప్‌డేట్ రాస్తున్నప్పుడే ఆ లోపం బయటపడటం మామూలు. డిస్క్ పరీక్షలో తప్పులు వస్తే అది హార్డ్‌వేర్ లోపం, వారంటీలో ఉచితంగా మార్చాల్సిందే. పాత డిస్క్ కంపెనీ తీసేసుకునే ముందు కాపీ చేసుకునే అవకాశం రాతలో అడగండి. రిపోర్టు ఇవ్వకుండా సాఫ్ట్‌వేర్ సమస్య అని నోటిమాటతో తేల్చేస్తే, పరీక్ష రిపోర్టు కావాలని ఈమెయిల్‌లో అడగండి. అవసరమైతే 38వ సెక్షన్ కింద కమిషనే వస్తువును ల్యాబ్‌కు పంపుతుంది, దానికి ఫీజు ముందు మీరే కట్టాలి.

ముందు లీగల్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపి 15 రోజులు గడువివ్వండి. ఈలోగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తే, చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి. కేసు దాకా వస్తే నోటీసు అందాక అవతలివాళ్లకు జవాబుకు 30 రోజులు, పొడిగిస్తే ఇంకో 15. ఆ పైన ఒక్క రోజు కూడా పొడిగించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. ఫిర్యాదు వేయడానికి మీకు రెండేళ్ల గడువుంది. ఫిర్యాదును ఉత్పత్తి బాధ్యత అధ్యాయం కింద రాయించకండి, ఆర్థిక నష్టం, వస్తువుకే కలిగిన నష్టం దానికి వర్తించే 'హాని' నిర్వచనంలోకి రావు. వస్తులోపం, సేవాలోపం అనే రాయండి. స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ సందేశాలకు అవి అసలైన ఎలక్ట్రానిక్ రికార్డులేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63(4) సెక్షన్ సర్టిఫికెట్ జతచేయండి. పరిహారం అంకె కూడా కాగితాల మీద నిలబడాలి. వెనక్కి ఇచ్చిన అడ్వాన్సుల యూపీఐ రికార్డు, అద్దెకు తెచ్చుకున్న కంప్యూటర్ రసీదు ఉంటే అంత మొత్తం అడగండి.

ఒక సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఆ మూడు పెళ్లి కుటుంబాలకు మీరే సేవ అందించేవారు. ఫొటోలు అందకపోతే వాళ్లు ఇదే కమిషన్‌లో మీ మీద ఫిర్యాదు వేయగలరు. ఆ పెళ్లిళ్లు తీసిన మెమరీ కార్డులు కెమెరాలో ఉంటే ఈ క్షణమే తీసి పక్కన పెట్టండి. కెమెరాలో ఫార్మాట్ కొట్టి ఉన్నా, మళ్లీ వాటి మీద షూటింగ్ చేయకపోతే ఫొటోలు చాలా వరకు తిరిగి వచ్చే అవకాశం ఉంది. ఆ కుటుంబాలకు ఆలస్యం సంగతి మీరే ముందుగా మెసేజ్ పెట్టండి.