ఫైరింజను అందని రోజుల్లో మా కోనసీమలో మంటలు ఎవరు ఆర్పేవారు?

అమెరికా పల్లెల్లో ఊరివాళ్ళే నడుపుకునే అగ్నిమాపక దళాలు ఉంటాయి కదా, మన పల్లెల్లో అలాంటివి ఎప్పుడైనా ఉండేవా అని ఒకరు అడిగారు. పేరు, బోర్డు, రిజిస్టరు ఉన్న దళాన్ని మా వైపు నేను చూడలేదండి. ఆ పని చేసే మనుషులు మాత్రం ఉండేవారు. మాది కోనసీమలో కాలువ గట్టు మీద ఊరు. 1980ల్లో నా చిన్నతనం. మా పేటలో పెంకుటిళ్ళు మూడో నాలుగో, మిగతావన్నీ తాటాకిళ్ళే.

డెల్టా అంటే ఎటు చూసినా నీళ్ళే, నిప్పుకేం భయం అనుకుంటారు చాలామంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మాకు కాలువలే ప్రాణం, నిజమే. కానీ దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. సరిగ్గా అప్పుడే ఎండలు ముదిరి కప్పు మీద తాటాకు పెళపెళలాడుతుంది, కళ్ళాల్లో గడ్డిమేట్లు లేస్తాయి. నిప్పు భయం ఎక్కువున్న రోజుల్లోనే కాలువ ఎండిపోయి ఉంటుందన్నమాట. అందుకే కాలువ కట్టేసే ముందు ఊరి చెరువు నిండిందా లేదా అని పెద్దవాళ్ళు రోజూ వెళ్ళి చూసొచ్చేవారు. పడమటి గాలి లేచేలోపు వంటలు ముగించి పొయ్యిలో నీళ్ళు చల్లాలి. ఈ మాట తప్పిన ఇంటిని ఊరంతా తిట్టేది.

నాకు పదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం "ఇల్లంటుకుందిరో" అని కేక వినబడింది. నేను పరిగెత్తేసరికి ఆడవాళ్ళు చెరువు నుంచి వరసకట్టి బిందెలు అందిస్తున్నారు. ఎవరో పాకలో దూరి పశువుల పలుపులు కోసేస్తున్నారు. నాకు వింతగా తోచిందేమిటంటే, కాలుతున్న ఇంటి మీద ఎవరూ చుక్క నీళ్ళు పొయ్యడం లేదు. "దాని పని అయిపోయింది, తూర్పు వరస చూడండి" అని మా పెదనాన్న అరుస్తున్నారు. కాలిన తాటాకు గాలికి లేచి పక్క కప్పు మీద పడితే వరసంతా పోతుంది. అందుకని గాలివాటున ఉన్న మొదటి ఇంటి మీద తడిపిన గోనెసంచులు పరిచారు. దానికి అవతలి ఇంటి కప్పుని ఏకంగా దింపేశారు. కప్పులెక్కేది కొబ్బరి దింపు తీసేవాళ్ళు, కల్లుగీసేవాళ్ళు. ఎత్తు వాళ్ళకి అలవాటు, నడుముకి కత్తి ఎలాగూ ఉంటుంది. పైన వాళ్ళు కట్లు కోస్తుంటే కింద నుంచి దోటిలాంటి పొడవాటి వెదురు గెడలతో, చివర ఇనప కొక్కెంతో, ఆకు లాగి పడేసేవారు.

అలా కప్పు దింపిన ఇల్లు మా మేనత్తది. నిప్పురవ్వ కూడా పడని ఇల్లు. ఆవిడ గుమ్మం ముందు కూలబడి ఏడవడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. కానీ మా ఊరి కట్టుబాటు ఒకటుంది. ఊరి కోసం దింపిన కప్పుని ఊరే నెయ్యాలి. మర్నాటి నుంచే ఇంటికో తాటాకు మోపు వచ్చింది. నాలుగు రోజుల్లో అత్త ఇంటికి కొత్త కప్పు పడింది. ఆ కట్టుబాటే లేకపోతే తన ఇల్లు పీకడానికి ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి? 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మొదలుపెట్టిన దళంలో ఒక్కో సభ్యుడు తోలు బకెట్లు, సామాను మొయ్యడానికి గుడ్డసంచులు సిద్ధంగా ఉంచుకోవాలని నియమం. మా బిందెలకీ గోనెసంచులకీ అంత రాతకోతలు లేవు, అంతే తేడా.

అమలాపురం నుంచి ఫైరింజను వచ్చేది, కాదనను. ఫోను పోస్టాఫీసులో ఒక్కటే. కబురందేసరికి, ఆ గట్టు రోడ్డున బండి వచ్చేసరికి బూడిద మిగిలేది. లంక గ్రామాల సంగతైతే చెప్పనే అక్కర్లేదు, మధ్యలో గోదావరి పాయ.

కొక్కేలు మునసబు గారి అరుగు మీద ఉండేవి. 1984లో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయ్యాక రామాలయానికి చేరాయి. తర్వాత నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లొచ్చాయి, చెరువు గట్టున దించి పైపు వేసేవారు. 1996 నవంబరు 6 తుపాను తాటాకిళ్ళని నేలమట్టం చేశాక మా పేటలో డాబాలు లేచాయి. కొక్కేలతో పని తగ్గింది.

ఆ ముందటేడు, 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాస్ బావి అంటుకుంది. 65 రోజులు మండింది. రాత్రిళ్ళు మా గట్టు మీద నుంచి ఆకాశం ఎర్రగా కనిపించేది. "ఇది మన బిందెలకి ఆరేది కాదురా" అన్నారు పెదనాన్న. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా కోనసీమలోనే నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పగిలి ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. గ్యాస్ వాసనొస్తే నీళ్ళ కోసం పరిగెత్తకూడదు. పొయ్యి, స్విచ్చి, బండి ఏదీ ముట్టుకోకుండా గాలికి ఎదురుదిక్కుకి మనుషుల్ని తీసుకుపోవాలి. తర్వాత 101కి చెప్పాలి. పైపులైన్లు వెళ్ళే ప్రతి ఊళ్ళోనూ పిల్లలకి సైతం ఈ సంగతి తెలియాలని నా కోరిక.

ఆ మరుసటి ఏడాది నుంచి మా ఊరి కుర్రాళ్ళు ఎనిమిది మంది ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో స్టేషనుకి వెళ్ళి నేర్చుకుని వస్తున్నారు. కాలువ కట్టేసిన రోజునే ఒక ఇంజను, పైపు చెరువు గట్టుకి చేరుస్తారు. మొన్న వేసవిలో రెండు గడ్డిమేట్లు అంటుకున్నాయి. మొదటిది దక్కలేదు. రెండోదాంట్లో సగం గడ్డి మిగిలింది, పక్కనున్న పాకకి నిప్పు తగల్లేదు.